రెండు కాళ్ళ కొంగ

బమాకో,
3 ఏప్రిల్ 1994

బొబ్బర్ల మూటకు, అనగా మా వదిన సితాన్‌కు,

నీ ఆడపడుచు నియెలే రాయునది. ఇక్కడ నేను, పిన్ని, పిన్ని మోకాలి నొప్పి ముగ్గురం క్షేమం. అక్కడ నాన్న, అన్నయ్య, పిల్లలు, మేకలు అంతా క్షేమమని తలుస్తాను. నీ క్షేమం మాత్రం అడగను. కుండెడు బొబ్బర్లు ఒక్క పూటలో ఊడ్చేసే జారాల ఇంటి ఆడపిల్లకి ఏమవుతుంది గనక? జారాలని బొబ్బర్ల తిండిపోతులని తిట్టడం మా దెంబెలేలకు తాతలిచ్చిన హక్కు. మీరూ మమ్మల్ని ఆ మాటే అంటారనుకో, మేమన్నది నిజం, అంతే తేడా. కోపం తెచ్చుకునే హక్కు మటుకు ఇటూ లేదు, అటూ లేదు.

నాన్న టార్చి బావిలో పడిందని బస్సు డ్రైవరు సేకు చెప్పాడు. నాన్న ఒక పూట సంకటి కూడా ముట్టలేదట. టార్చి లేని నాన్నను ఊహించుకోవడం నాకు కష్టంగా ఉంది. వాకిట్లోకి ఎవరొచ్చినా ముందు మొహం మీద టార్చి వేసి, వాళ్ళు కళ్ళు గట్టిగా మూసుకున్నాక అప్పుడు "ఎవరది" అని అడిగే మనిషి కదా. ఇప్పుడు వచ్చినవాళ్ళని ఎలా పలకరిస్తున్నారో ఏమో.

అందుకని సేకు చేతికి రెండు టార్చీలిచ్చి పంపుతున్నాను. నేను కొన్నవి కావు. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, నాన్న టార్చి సంగతి ఒకసారి బజార్లో అన్నాను. మర్నాటికి రెండు వచ్చిపడ్డాయి, రెండూ "మీ నాన్నగారికి" అంటూనే.

అట్టపెట్టెలో ఉన్నది ఫామొరి సిస్సోకో ఇచ్చాడు. పిన్నీ నేనూ సరుకు పరుచుకుని అమ్మే పట్టాకి ఎదురుగా అద్దాల తలుపున్న కొట్టు అతనిదే. అసలు కొంగ గుర్తు టార్చి, నాన్నది బావిలో పడిందే, అదే రకం. కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది చూడు. ఈ ఏడు మన డబ్బు విలువ సగానికి పడిపోయాక అసలు కొంగని కొనేవాళ్ళు బజార్లో కనబడటం మానేశారు, అయినా అతను ఇచ్చాడు. నెమ్మదస్తుడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుంటాడు. "మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి" అన్నాడు.

పాత గుడ్డలో చుట్టి ఉన్నది డూప్లికేటు. మా పట్టా పక్కనే నేలమీద గోనె పరుచుకుని సెల్లులూ బల్బులూ అమ్ముకునే చేకొరో జారా ఇచ్చాడు. ఇంటిపేరు చూశావుగా, మీ బాపతే. ఇస్తూ ఏమన్నాడో విను. "ఇది డూప్లికేటని మీ నాన్నకు ముందే చెప్పు. బొమ్మ గీసినవాడు కొంగని ఎన్నడూ చూసి ఉండడు, రెండు కాళ్ళూ నేలమీద పెట్టించాడు. అద్దం ప్లాస్టిక్కు. రేకు పలచన. అయినా దెంబెలేల ఇంట్లో చూడ్డానికి బొబ్బర్ల కుండ తప్ప ఏముందిలే, ఇది చాలు." అంత పొగరు వదినా. వాడి చెవులు చూడాలి నువ్వు, రెండు చెప్పులు తగిలించినట్టుంటాయి. నవ్వాడంటే పక్క వీధిలో మేకలు లేచి నిలబడతాయి. పొద్దున్నే వచ్చి "ఏం దెంబెలే, నిన్నటి బొబ్బర్లు అరిగాయా" అని అడక్కుండా గోనె పరవడు. ఇలాంటివాడి పక్కన కూర్చుని బేరాలు చేసుకోవడం నా ఖర్మ.

రెండూ వాడి చూసి ఏది నయమో రాయి. వానలు పడకముందే పిన్ని అమ్మకానికి టార్చీల సరుకు ఎత్తాలి, ఏది ఎత్తాలో తేల్చుకోలేకపోతోంది.

నీ బొబ్బర్లలో రాళ్ళు పడాలని దీవిస్తూ,
నియెలే

---

తెనెసో,
14 ఏప్రిల్ 1994

పట్నం నీళ్ళు తాగి నాలుక పదునెక్కిన బొబ్బర్ల బుట్టకు,

మీ వదిన సితాన్ రాసేది. నీ ఉత్తరం ఎప్పటిలాగే వాకిట్లో అందరినీ కూర్చోబెట్టి చదివాను. మీ బకారి అన్నయ్య గోడకి ఆనుకుని విన్నాడు. చేకొరో జారాను నువ్వు తిట్టిన చోటు మళ్ళీ చదివించుకుని, "అబ్బో, మా చెల్లికి ఆ మనిషంటే బొత్తిగా గిట్టనట్టుందే" అన్నాడు. నేను జారాల ఆడపిల్లని కాబట్టి మా వాళ్ళ చెవుల గురించి మాట్లాడను. మా అన్నదమ్ములవీ అలాగే ఉంటాయి.

టార్చీల సంగతికొస్తాను. మీ నాన్న రెంటినీ చెరో చేత్తో పట్టుకుని, కొత్త కోడళ్ళని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు. మూతలు విప్పారు. స్ప్రింగులు నొక్కారు. డూప్లికేటుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "లోపల ఏదో కదులుతోంది, బతికే ఉంది" అన్నారు.

అసలుదాని వెలుగు దారంలా సూటిగా పోతుంది. మొదటి సాయంత్రమే పెరట్లో నిలబడి మసీదు గోడదాకా వేశారు, గోడమీది బల్లి కూడా కనిపించింది. అక్కణ్ణుంచి పక్కకి తిప్పేసరికి మన మామిడిచెట్టు మీద పక్కింటి ఫూసేని తాత కనిపించాడు. మన చెట్టు కాయలు వీధి పిల్లలు కోస్తున్నారని వారం వారం పంచాయితీ పెట్టే ఫూసేని తాతే. ఆ వయసులో ఎలా ఎక్కాడో తెలియదు. దిగడం చేతకాక, వెలుగులో చిక్కుకుని, "కాయలు లెక్కపెడుతున్నానయ్యా" అన్నాడు. నిచ్చెన తెచ్చి దింపాం.

డూప్లికేటు అంత దూరం పోదు. మేకల దొడ్డి దాటితే దానికి ఆయాసం. కానీ వెలుగు పరుచుకుంటుంది. వంటింట్లో గూట్లో పెడితే కుండ, గరిటె, పిల్లవాడి ముక్కు, ముక్కులోది, అన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. అసలుది ఎంతసేపూ దూరంలో ఉన్న దొంగని చూపిస్తుందే గాని, పక్కన కూర్చున్న మనిషిని చూడాలంటే వాడి కళ్ళు పోవాల్సిందే. రెంటినీ కిందపడేసి కూడా చూశారు మీ నాన్న, ఆయన పద్ధతి నీకు తెలుసుగా. అసలుదాని అద్దం కొంచెం చిట్లింది. ప్లాస్టిక్కుది లేచి దులుపుకుంది.

ఒక్కటే లోపం. వారం తిరక్కుండానే డూప్లికేటు స్విచ్చి ఇరుక్కుపోయింది. వెలుగుతుంది, ఆరదు. సెల్లులు తీసేద్దాం మామయ్యా అంటే, "ఆర్పడానికి నొక్కాను, నా పని నేను చేశాను. ఆరకపోతే దాని ఇష్టం" అన్నారు. దాన్ని దుప్పటిలో పెట్టుకుని పడుకున్నారు. వాకిట్లో మంచం మీద దుప్పటి మొత్తం లోపల్నుంచి వెలుగుతూ ఉంటే, "మీ తాత మామిడికాయలా పండాడర్రా" అని మన పిల్లలతో అంటూ వీధి పిల్లలందరూ చూసిపోయారు. సెల్లులు అయిపోయేదాకా ఆ భోగం నడిచింది.

కాబట్టి పిన్నికి ఇలా చెప్పు. పొలానికి వెళ్ళేవాళ్ళకి అసలుది, ఇంట్లో ఉండేవాళ్ళకి డూప్లికేటు, స్విచ్చి బాగుచేసేవాడు దొరికితే.

బొబ్బర్లు నానబోసి రాస్తున్నాను, నీకు పెట్టను.
సితాన్

---

బమాకో,
19 ఏప్రిల్ 1994

వంటింటి పిల్లికి,

నీ ఉత్తరం చదివి పిన్ని మోకాలి నొప్పి మరిచిపోయి నవ్వింది. ఫూసేని తాతకి నా జోహార్లు.

స్విచ్చి సంగతి తీసుకుని వెళ్ళి ఆ జారా మీద పడ్డాను. "మా నాన్నకి పాడు సరుకు అంటగడతావా" అన్నాను. వాడు నిదానంగా పళ్ళపుల్ల నములుతూ, "ఆరకపోవడం కూడా తప్పేనా? వెలక్కపోతే కదా తిట్టాలి. బొబ్బర్లు తినీ తినీ మీ దెంబెలేలకు ఏ తప్పు దేనిదో తెలియకుండా పోయింది" అన్నాడు. తర్వాత వాడే చెప్పాడు, ఈ రకానికి ఎప్పుడూ స్విచ్చి దగ్గరే జబ్బట, లోపలి ఇత్తడి రేకు వంగిపోతుందట, పంపిస్తే సరిచేసి ఇస్తాడట.

అందుకని డూప్లికేటుని సేకు చేతికివ్వు. నేరుగా చేకొరోకే అందించమను. నేనూ పిన్నీ కూలికొరోకి వెళుతున్నాం, అక్కడ పిన్ని కూతురికి బిడ్డ పుట్టింది, పేరు పెట్టే రోజు దాటి ఇంకో వారం ఉంటాం. అందాకా నాన్న దగ్గర అసలుది ఉండనే ఉంది.

ఫామొరి కనిపించాడు. "మీ నాన్నగారికి టార్చి నచ్చిందా అండీ" అని అడిగాడు. నచ్చిందన్నాను. "సంతోషమండీ" అన్నాడు. ఇంకేం అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

మొన్న మామిడి పూతకి తగలాల్సిన వాన ఆలస్యంగా వచ్చి మా బజారు మీద పడింది. నేను లేను, నీళ్ళకి వెళ్ళాను. ఆ తెలివితక్కువ జారా తన గోనె మీది ప్లాస్టిక్కు పట్టా పీకి మా సరుకు మీద కప్పాడట. వాడి సెల్లులన్నీ తడిసి ఉబ్బిపోయాయి. వాటిని ఎండలో వరసగా పేర్చుకుని కూర్చున్నాడు. అంత బుర్రలేనివాణ్ణి ఎక్కడైనా చూశావా? అడిగితే, "మీ పిన్ని సరుకు తడిస్తే నువ్వు ఏడుస్తావు, ఆ గొంతు నేను వినలేను" అన్నాడు. నాలుగు తిట్టి వచ్చాను. సాయంత్రం దాకా తిడుతూనే ఉన్నాను.

ఉత్తరాలన్నీ నువ్వు అన్నయ్య ముందు చదివి వినిపిస్తావు కాబట్టి ఇంతకంటే ఏమీ రాయను.

నీ కుండ అడుగంటాలని కోరుకుంటూ,
నియెలే

---

తెనెసో,
1 మే 1994

అద్దాల కొట్టు యజమానురాలికి,

కొత్త పిలుపు చూసి మురిసిపోతున్నావా? మురిసిపో. కూలికొరో నుంచి వచ్చేసరికి ఈ ఉత్తరం నీకోసం కాచుకుని ఉండాలని సేకుని తొందరపెట్టి రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే టార్చిని సేకు చేతిలో పెట్టబోయాను. మీ అన్నయ్య ఆపాడు. "ఆగు. పెళ్ళికాని కుర్రవాడు ఆడపిల్ల తండ్రికి ఇచ్చిన వస్తువది. వెనక్కి పంపేటప్పుడు సంతలో గొర్రెని తోలినట్టు తోలేస్తామా? దానికో మర్యాద ఉంది" అన్నాడు. బీరువాలోంచి తెల్లగుడ్డ తీయించి టార్చిని చుట్టాడు. సేకుకి మాట కూడా నేర్పాడు: "మీ వస్తువు మీ చేతికి చేరింది, మీ దారి చల్లగా ఉండాలి." ఫామొరి సిస్సోకోకి ఇంకో మాట పంపాడు: "మీరిచ్చింది మా నాన్న చేతిలోనే ఉంది." అంటే ఆ సంబంధం వద్దన్నట్టు, ఈ సంబంధం ఇష్టమన్నట్టు. స్విచ్చి మాట చెప్పడం ఎవరికీ గుర్తులేదు. నేను చెబుదామనుకునేలోపు సేకు హారన్ కొట్టేశాడు.

ఇక చూడు. నిన్న ఫామొరి మేనమామ పెద్ద కుచ్చుల టోపీ పెట్టుకుని దిగాడు. చేతిలో ఆకుల పొట్లం, అందులో పిల్లనడగడానికి తెచ్చే పది కోలా గింజలు, ఎర్రగా, ఒక్కదానికీ మచ్చలేదు. మీ నాన్న ఆయన మొహం మీద టార్చి వేసి, పట్టపగలే సుమా, "ఎవరది" అని అడిగారు. ఆయన కళ్ళు మూసుకునే తన వంశమంతా చెప్పాడు. మర్యాదస్తుడు. గింజలు తడి ఆకుల్లో పెట్టి కుండలో దాచాం. శుక్రవారం పెద్దలు కూర్చుంటారు, మీ నాన్న మొదటి గింజ కొరుకుతారు, మిగతావి పంచుతారు. అంతటితో నీ పేరు సిస్సోకోల ఇంట్లో పడ్డట్టే.

మీ అన్నయ్య గాల్లో నడుస్తున్నాడు. "చెల్లెలి మనసు చదవడానికి బడికెళ్ళాలా? అద్దాల కొట్టు అబ్బాయిని ఒక్క మాట అనలేదు. ఆ జారాగాణ్ణి రెండు ఉత్తరాల నిండా చెడామడా తిట్టింది. ఇంకేం కావాలి" అంటాడు. నాకు మటుకు మనసులో కొంచెం గుచ్చుకుంటోంది. కానీ మీరు జారాలని తిట్టడం కోడి కూయడం లాంటిది, రోజూ కూస్తుంది. ఏ కూతలో ఏముందో ఎవరికి తెలుస్తుంది? నాకు కాదు, మీ అన్నయ్యకి అసలే కాదు.

పెళ్ళికి బొబ్బర్లే వండిస్తాను.
సితాన్

---

బమాకో,
4 మే 1994

వదినా,

ఈ ఉత్తరం ఎవరి ముందూ చదవకు. పెరట్లోకి వెళ్ళి చదువు.

నిన్న సాయంత్రం కూలికొరో నుంచి వచ్చాను. ఇవాళ పొద్దున నేను పట్టా పరుస్తుంటే చేకొరో వచ్చాడు. బొబ్బర్లు అరిగాయా అని అడుగుతాడని నేను జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. "నమస్కారమండీ నియెలే గారూ. ప్రయాణం సుఖంగా జరిగిందా" అన్నాడు.

నేను నవ్వాను. "ఏంట్రా, నీ చెవుల్లోకి గాలి దూరిందా" అన్నాను. "అలా అనకండి. మీరు పెళ్ళి కాబోయేవారు. బాగుండదు" అన్నాడు. తన గోనె చుట్టుకుని, సెల్లుల డబ్బా నెత్తిన పెట్టుకుని, బజారు ఆ చివరికి, ఎండుచేపల వరసలోకి వెళ్ళిపోయాడు. నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు పిన్ని నీ ఉత్తరం తెచ్చి ఇచ్చింది.

వదినా, వాడు నన్ను మర్యాదగా పలకరించాడు. ఇంతవరకు నన్ను ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు. అట్టపెట్టెల వెనక కూర్చుని ఏడ్చాను, పిన్ని చూసి బక్రీదు పండగ ఉల్లిపాయలు ఇప్పుడే తరుగుతున్నావా అంది.

నాకు వాడే కావాలి. ఈ మాట ఉత్తరంలో రాస్తే నువ్వు వాకిట్లో చదువుతావని సిగ్గుపడి రాయలేదు. నాకు తెలిసిన పద్ధతిలో చెప్పాను, అందరూ తిట్టే తిట్లే అనుకున్నారు. తప్పు ఎవరిదో నాకు తెలియదు. ఫామొరి మంచివాడే. అతని టార్చీ మంచిదే, నేను కాదనను. కానీ రోజూ నమస్కారం పెడతాడు, నేనూ పెడతాను, అక్కడితో మా మాటలు అయిపోతాయి. జీవితమంతా నమస్కారాలతో ఎలా బతకను?

నాన్న కోలా కొరికితే ఇంక ఎవరూ ఏమీ చేయలేరు. అన్నయ్య కాదని తిప్పి పంపితే సిస్సోకోల పెద్దమనిషికి తలవంపులు, మనింటికి చెడ్డపేరు. నాకు దారి కనిపించడం లేదు. సేకు కాళ్ళమీద పడ్డంత పనిచేసి ఇది పంపుతున్నాను. శుక్రవారం లోపు అందాలి.

నీ
నియెలే

---

తెనెసో,
7 మే 1994

నోరున్న మూగదానికి,

నీ ఉత్తరం గురువారం పొద్దుగూకే వేళకి అందింది. పెరట్లోనే చదివాను. బొబ్బర్ల పిలుపు లేకుండా మొదలైన ఉత్తరం చూసే ఏదో ముంచుకొచ్చిందనుకున్నాను. ముందు మీ అన్నయ్య దగ్గరకే వెళ్ళాను. "ఇప్పుడు కాదంటే ఆ పెద్దమనిషి మొహం ఎలా చూడను" అని తల పట్టుకున్నాడు. పాపం, అతను చేసింది ప్రతిదీ పద్ధతి ప్రకారమే చేశాడు. అదే వచ్చిన చిక్కు.

కోడలిగా నేను మామగారి ఎదుట తలెత్తను. జారాగా దెంబెలేల ఎదుట తల దించను. శుక్రవారం జారాగా వెళ్ళాను.

ఈ ఊళ్ళో జారాల ఆడపడుచులం నలుగురం కాపురం చేస్తున్నాం కదా. ముగ్గురినీ పిలిచి చెవిలో వేశాను. నమాజు అయింది. పెద్దలు చాప మీద కూర్చున్నారు. మధ్యలో పళ్ళెం, పళ్ళెంలో పది ఎర్ర గింజలు. మీ నాన్న చేయి చాచబోతుండగా మేం ఉడికించిన బొబ్బర్లతో సొరబుర్ర నెత్తిన పెట్టుకుని, పాడుతూ లోపలికి వచ్చాం. "దెంబెలేలు కోలా తింటారంట, చూద్దాం రండి. బొబ్బర్లు తప్ప ఎరగని నోళ్ళకి కోలా ఎందుకంట" అంటూ సొరబుర్ర మీ నాన్న ముందు పెట్టి, పళ్ళెం లాగేసుకున్నాను. "ఇది మా వంతు, అది మీ వంతు" అని గింజలు నలుగురం నోళ్ళలో వేసుకున్నాం.

చాప మీద అందరూ బిగుసుకుపోయారు. ఫూసేని తాత ఒక్కడే నవ్వాడు, మామిడిచెట్టు నాటి కసి తీర్చుకున్నాడనుకుంటాను. మీ నాన్న మెల్లగా లేచి, అసలు టార్చి తీసి, "నోరు తెరువు" అన్నారు. తెరిచాను. గొంతు దాకా వేశారు. "ఏమీ మిగల్లేదు" అని పెద్దలకి చెప్పారు. ఆ సూటి వెలుగు సరిగ్గా పనికొచ్చింది చూడు.

మీ నాన్న ఫామొరి మేనమామ వైపు తిరిగి, "అయ్యా, నా ఇంట్లో జారా ఉంది. నా గింజ నేను కొరకలేకపోయాను. వీళ్ళమీద కోప్పడితే మా తాతలు ఊరుకోరు. ఏం చెయ్యమంటారు" అన్నారు. ఆ పెద్దాయన నా వైపు తిరిగాడు.

"చేదుగా ఉందా అమ్మా" అన్నాడు.

"చాలా" అన్నాను.

"అయితే సరే. చేదు మింగేది నువ్వే అయితే మాకేం బాధ" అని నవ్వాడు. అందరూ నవ్వారు. సంబంధం తప్పిపోయింది, పరువు మాత్రం ఎవరిదీ పోలేదు. ఆ మనిషికి దీవెనలు పంపాలి, నువ్వు కూడా పంపు. మీ నాన్న టార్చిని పెట్టెలో పెట్టి, తెల్లగుడ్డ చుట్టి ఆయన చేతికిచ్చారు. "మీ అబ్బాయి టార్చి చాలా గొప్పది. దూరం చూసే కళ్ళున్న ఇంటికి వెళ్ళాలి అది" అన్నారు.

అందరూ వెళ్ళాక నన్ను పిలిచారు. "కోడలా, ఆరని టార్చి ఏమైంది?"

"స్విచ్చి బాగుచేయించడానికి వెళ్ళింది మామయ్యా."

"బాగుచేయించడానికా? వెనక్కి ఇచ్చేశామనుకున్నానే."

"మీ అబ్బాయి అనుకున్నాడు."

 ఆయన సొరబుర్ర దగ్గరకి లాక్కుని బొబ్బర్లు మొత్తం తినేశారు. మీరు తినరని ఎవరన్నారు?

నేనూ ఆ ముగ్గురూ అప్పట్నుంచి నిద్రపోలేదు. కోలా అంత తింటే కళ్ళు మూతపడవు. ఊరి పిండంతా నలుగురమే దంచాం. మీ అన్నయ్య నాతో మాట్లాడడం లేదు, కానీ పిండి మాత్రం తింటున్నాడు.

మిగతాది నీ పని. వాడికి స్విచ్చి సంగతి చెప్పు.

నిద్రలేని జారా,
సితాన్

---

బమాకో,
13 మే 1994

నా బంగారు బొబ్బర్ల మూటకు,

బొబ్బర్లు వండుకుని, పళ్ళెంలో పెట్టుకుని, బజారంతా దాటి ఎండుచేపల వరసకి వెళ్ళాను. వాడు లేచి నిలబడి "రండి నియెలే గారూ" అన్నాడు. పళ్ళెం వాడి గోనె మీద ధడాలున పెట్టి మొదలుపెట్టాను.

"ఒరేయ్ జారా, స్విచ్చి బాగుచేయమని పంపితే చావింట్లో ఉన్నట్టు మొహం పెట్టుకుని కూర్చునే మూర్ఖుణ్ణి నిన్నే చూశాను. ఇంత పెద్ద చెవులు పెట్టుకుని ఒక్క మాట అడగలేకపోయావా? మా అన్నయ్య తెల్లగుడ్డ చుడితే చుట్టాడు, మా అన్నయ్య కొత్త గొడ్డలికి కూడా తెల్లగుడ్డ చుడతాడు." చేపలమ్మే ఆడవాళ్ళందరూ బేరాలు ఆపేశారు. కోలా ఎవరు తిన్నారో కూడా అరిచి చెప్పాను. వాళ్ళలో ఇద్దరు జారాలట, చప్పట్లు కొట్టారు.

 వాడు డబ్బా అడుగునుంచి టార్చి తీసి నొక్కాడు. వెలిగింది. మళ్ళీ నొక్కాడు. ఆరింది.

"వెనక్కి ఇచ్చేశారనుకున్నవాడివి ఎందుకు బాగుచేశావ్" అన్నాను.

"పాడైన వస్తువు కనబడితే నా చేయి ఊరుకోదు" అన్నాడు. తల వంచుకుని బొబ్బర్లు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నేను వాడి దవడ వంకే చూస్తున్నాను వదినా. మెల్లగా నమిలి మింగాడు.

"ఉప్పు లేదు. దెంబెలేలకు బొబ్బర్లు తినడం తప్ప వండడం ఎప్పుడొచ్చింది గనక" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. సాయంత్రానికి వాడి గోనె మళ్ళీ మా పక్కకి వచ్చేసింది. ఫామొరికి నేనే వెళ్ళి చెప్పాను. "సంతోషమండీ" అన్నాడు. అతను బాధపడ్డాడో లేదో నాకు తెలియలేదు, తెలిస్తే బాగుండేదనిపించింది. పిన్ని అతని కొట్లోనే రెండు పెట్టెల అసలు టార్చీలు ఎత్తింది.

చేకొరో పెద్దనాన్న బక్రీదు అయ్యాక వస్తారు. వీళ్ళ కోలా నువ్వు తింటే నీ పళ్ళు రాలగొడతాను.

నియెలే

---

తెనెసో,
5 జూన్ 1994

జారాల ఇంటికి బొబ్బర్లు కడగడానికి వెళుతున్నదానికి,

వచ్చారు. పెద్దనాన్న, ఇంకో ఇద్దరు, ముగ్గురివీ అవే చెవులు. పది కోలా గింజలు తెచ్చారు, రెండిటికి మచ్చలున్నాయి. "ఇవి డూప్లికేటా" అని మీ నాన్న అడిగితే, "దెంబెలేల పళ్ళకి ఇవి చాలు" అన్నారు. ఆ మాటతో అందరూ చాప మీద సుఖంగా కూర్చున్నారు. మీ అన్నయ్య మాత్రం నా పక్కకి జరిగి, "ఇప్పుడు తిట్టింది మంచికా చెడుకా" అని అడిగాడు. మంచికే అని చెప్పాను. అప్పుడు తనూ ఒక తిట్టు తిట్టాడు, కొంచెం మర్యాదగా.

చేకొరో బాగుచేసి పంపిన టార్చి మీ నాన్న చేతికిచ్చారు. ఆయన రెండు కాళ్ళ కొంగ మీద బొటనవేలితో రుద్ది చూసి లోపలికి వెళ్ళిపోయారు. ఆయనతోపాటు గింజల పళ్ళెం కూడా మాయమైంది. పెద్దలందరూ ఎదురుచూస్తున్నారు. ఎంతకీ రారు. నన్ను వెళ్ళి చూడమన్నారు.

మిట్టమధ్యాహ్నం, బయట నిప్పులు చెరిగే ఎండ. గదిలో మంచం మీద మీ నాన్న తలదాకా దుప్పటి కప్పుకుని ఉన్నారు. దుప్పటి లోపల్నుంచి వెలుగుతోంది. పటపటమని నములుతున్న చప్పుడు.

"మామయ్యా, బయట అందరూ కాచుకుని ఉన్నారు" అన్నాను.

"దూరంగా నిలబడు. ఈసారి నీ చేతికి చిక్కనివ్వను" అన్నారు లోపల్నుంచే. ఇంకో గింజ కొరికిన చప్పుడైంది. తర్వాత దుప్పటి చీకటైంది, మళ్ళీ వెలిగింది, మళ్ళీ చీకటైంది.

"కోడలా, ఈ స్విచ్చి ఇప్పుడు ఆరుతోంది. నాకు నచ్చలేదు. అల్లుణ్ణి వచ్చి మళ్ళీ పాడుచేసి పొమ్మని రాయి."

రాశాను.

సితాన్ జారా